పిల్లి ఉన్న బండి

రోడ్డు ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో కనిపెట్టడానికి వేసిన సంఘం చాలా నిజాయితీగా పనిచేసింది. తాగి నడపడం, గోతులు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, ఇవన్నీ అందరికీ తెలిసిన కారణాలే కాబట్టి వాటిని మొదటి సమావేశంలోనే పక్కన పెట్టేశారు. తెలిసిన కారణాన్ని కనిపెట్టడానికి సంఘం దేనికి? సభ్యులు పొరుగు రాష్ట్రాలు తిరిగారు. సముద్రం దాటి వెళ్ళి అక్కడి రోడ్లు కూడా చూసొచ్చారు. చివరికి తేల్చింది ఏమిటంటే, పిల్లి ఎదురొచ్చినప్పుడు మనవాళ్ళు ఉన్నపళంగా బ్రేకు వేస్తారని, వెనక బండి వచ్చి గుద్దుతుందని.

పిల్లి ఎదురొస్తే బ్రేకు వెయ్యొద్దని జనానికి చెబితే పోయేదానికి ఇంత గొడవెందుకని మీబోటివాళ్ళు అడుగుతారు. సంఘం అది ఆలోచించకపోలేదు. కానీ అది ప్రజల మనోభావాలకు సంబంధించిన విషయం. పోనీ పిల్లులకు చెబుదామంటే అవి వినవు. మనుషులకు చెప్పకూడదు, పిల్లులకు చెప్పలేరు. మధ్యలో నోరులేనిది రోడ్డు ఒక్కటే మిగిలింది. అలా రహదారి శకున నివారణ సంస్థ పుట్టింది.

సంస్థ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, మన ఇళ్ళలో ఉన్న పద్ధతే. పిల్లి అడ్డం పోతే ఏం చేస్తాం? ఆగుతాం. చెప్పులో రాయి దూరినట్టు నటిస్తూ, ఇంకెవడైనా మనకంటే ముందు దాటేదాకా నిలబడతాం. వాడు దాటితే దోషం వాడితో పోతుంది. మనం నిశ్చింతగా మన పని మీద వెళ్తాం. ఇన్నాళ్ళూ ఆ వాడెవడన్నది ఎవడి ఖర్మకు వాణ్ణి వదిలేశారు. సంస్థ దాన్ని ఉద్యోగం చేసింది. సెంటరు సెంటరుకీ ఒక ‘ముందు దాటువాడు’ని కాంట్రాక్టు పద్ధతి మీద వేసి, ఖాకీ చొక్కా, విజిలు ఇచ్చింది. పిల్లి దాటగానే అతను విజిలు ఊది రోడ్డు దాటి దోషం తన మీద వేసుకుంటాడు, తర్వాత బళ్ళు కదులుతాయి. ఉద్యోగ ప్రకటనలో, ఇప్పటికే జీవితంలో ఏదీ కలిసిరాని వారికి ప్రాధాన్యం ఇవ్వబడును అని వేశారు. దరఖాస్తులు తీసుకోవడానికి ఆఫీసు చాలక కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నారని విన్నాను.

జనం మెచ్చుకున్నారు. ముఖ్యంగా పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు, కోర్టు వాయిదాలకు వెళ్ళేవాళ్ళు చాలా సంతోషించారు. పని చెడితే పిల్లిని తిట్టుకోవలసిన అవసరం తప్పి, సంస్థను తిట్టుకునే వీలు కలిగింది.

నేను రామచంద్రపురంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. నా పేరు వాసంశెట్టి గంగాధరరావు. క్లచ్చు, బ్రేకు, గేరు నేర్పే మనిషిని కాబట్టి సంస్థ ఉత్తర్వులన్నీ నాకు కంఠతా రావాలి, లైసెన్సు పరీక్షలో అడుగుతారు. అందులో రెండో ఉత్తర్వు, వాహనంలో ప్రయాణించే పిల్లుల గురించి. పిల్లి కాళ్ళ మీద దాటినా చక్రాల మీద దాటినా దాటుట దాటుటయే అని దాని సారాంశం. కాబట్టి పిల్లి ఉన్న బండికి ముందొకటి వెనకొకటి పసుపుపచ్చ బోర్డు కట్టాలి. ప్రతి సెంటర్లోనూ ఇనుప గేటు ముందు ఆగాలి. ముందు దాటువాడు సిద్ధంగా ఉన్నాడని రూఢి చేసుకున్నాకే గేటు ఎత్తుతారు. ఎందుకంటే ఆ బండి దాటిన మరుక్షణం అడ్డరోడ్డు మీద వాళ్ళందరికీ శకునం తగులుతుంది. ఈ పాఠం ఎంతోమందికి చెప్పాను. చెప్పేటప్పుడు నవ్వకూడదన్నది ఉత్తర్వులో లేదు గానీ, నేను నవ్వేవాణ్ణి కాదు. పిల్లలూ నవ్వేవాళ్ళు కాదు, నవ్వితే ఫెయిలవుతామని భయం.

మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. పేరు ఆవడ. ముద్దగా చుట్టుకుని పడుకుంటే పెరుగులో నానిన ఆవడలా ఉంటుందని నా భార్య తాయారు పెట్టిన పేరు. మాకు పిల్లలు లేరు. ఆ ముక్క ఎవరైనా అంటే, లేకపోవడమేమిటి, అదుగో బీరువా మీద పడుకున్నాడు కదా అంటుంది తాయారు.

ఆవేళ పొద్దున్న ఆవడ ఇసక డబ్బాలోకి వెళ్ళి కూర్చోవడం, ముక్కడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఒక్క చుక్క రాలేదు. పొట్ట ముట్టుకుంటే అరిచింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పాడు. మూత్రం బిగిసిపోయింది, సన్నటి గొట్టం వేసి తియ్యాలి, నా దగ్గర గేదెలకు వేసేదే ఉంది అన్నాడు. కాకినాడలో పిల్లుల్ని చూసే డాక్టరమ్మకు తనే ఫోను చేశాడు. అన్నీ సిద్ధంగా పెడతాను, మధ్యాహ్నం లోపల తీసుకురమ్మనండి, ఆ తర్వాత ఒంట్లో విషం ఎక్కుతుంది అందావిడ. కాకినాడ ఎంత దూరం? మా స్కూలు పిల్లలు మూడో గేరు నేర్చుకునేలోపు వెళ్ళి రావచ్చు.

కూరగాయల బుట్టలో పాత తువ్వాలు పరిచి ఆవడని పడుకోబెట్టింది తాయారు. బోర్డులు నేనే కట్టాను. స్కూలు బండి కాబట్టి దాని మీద అప్పటికే నేర్చుకొనువారు అని ఉంది, దాని కింద పిల్లి ఉన్న బండి అని చేరింది. రెండూ కలిపి చదివినవాళ్ళు ఎవరూ మా దగ్గరికి రాలేదు.

మొదటి గేటు రైసుమిల్లు సెంటర్లో. అక్కడ ముందు దాటువాడు సిద్ధంగానే ఉన్నాడు. అయితే సూపర్‌వైజరు గారికి ఒక సందేహం కలిగింది. పిల్లి ముందు సీట్లో తాయారు ఒళ్ళో ఉంది. అలా ఉంటే ఎదురొచ్చే బళ్ళన్నిటికీ అది ఎదురైనట్టే కదా. వెనక సీట్లో పెడితే ఎలా ఉంటుందని అడిగాను. అప్పుడు అది వెనక అద్దంలోంచి వెనకవాళ్ళకి ఎదురవుతుంది అన్నాడాయన. పై ఆఫీసుకు ఫోను చేసి, వాళ్ళు ఇంకో పై ఆఫీసుకు చేసి, సదరు మార్జాలమును వాహన పార్శ్వమునకు అభిముఖముగా ఉంచవలెనని తేల్చారు. అంటే పొలాలవైపు చూస్తూ కూర్చోవాలన్నమాట. తాయారు బుట్టను పొలాలవైపు తిప్పింది. ఆవడ పొలాలవైపు చూస్తూ మూలిగింది.

గేటు ఎత్తారు, మేం దాటాం, అతను విజిలు ఊదాడు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న పనిని విమర్శించేవాళ్ళు పనిలేనివాళ్ళని కూడా అనుకున్నాను.

రెండోది లాకుల సెంటరు. అక్కడ గేటు కింద స్టూలు వేసుకుని ముందు దాటువాడు బులిరాజు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మా బోర్డు చూసి లేవలేదు.

“ఇయ్యాల్టికి నా కోటా అయిపోయిందండి,” అన్నాడు. “పొద్దున్నుంచి పాలకేంద్రం కాడ పిల్లులే పిల్లులు. మడిసికి రోజుకిన్ని శకునాలని యూనియనోళ్ళు మాట్టాడి ఒప్పందం రాయించారండి. ఆ పైన మొయ్యకూడదండి. మోత్తే ఇంకో నాలుగు సెంటర్లోళ్ళకి అన్యాయం చేసినట్టు.”

ఒక్కటి ఎక్కువైతే ఏమవుతుందని అడిగాను. అతను జాలిగా చూశాడు. కిందటి నెల్లో ఒకటి ఎక్కువ మోస్తే తన బండి చైను తెగిపోయిందట, మామగారు పలకడం మానేశాడట. ఇదంతా ఎంతో మర్యాదగానే చెప్పాడు. రెండో షిఫ్టు మనిషి ఎప్పుడొస్తాడంటే, బయల్దేరాడండి గానీ గుమ్మంలోనే పిల్లి ఎదురైతే వెనక్కెళ్ళి కాళ్ళు కడుక్కుంటున్నాడండి అన్నాడు.

నేను వెనక్కి తిప్పి వేరే దారిన పోదామనుకున్నాను. వెనక అప్పటికి పాలవ్యాను, రెండు లారీలు, ఒక బస్సు చేరాయి. నేను రివర్సు గేరు వెయ్యగానే లారీల్లోంచి కేకలు. పిల్లి వెనక్కొస్తే తమకు ఎదురొచ్చినట్టేనని వాళ్ళ బాధ. ముందుకు చూస్తే అడ్డరోడ్డు మీద పెళ్ళివారి బస్సు ఆగి ఉంది. గేటు పక్కనుంచి దూరిపోదామని ఇంజను గట్టిగా మోగించేసరికి పెళ్ళికొడుకు తండ్రి పట్టుపంచెతో పరుగున వచ్చి, దూరంగా నిలబడే చేతులు జోడించాడు. “బాబ్బాబు, ముహూర్తానికి ఎల్తన్నామండి. ముందు దాటేవోడు లేకండా మీరు దాటేత్తే మా కుర్రోడి బతుకేం కావాలండి? తవరు కదలకండి,” అన్నాడు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. అక్కడ ఆ పూట చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే వచ్చిన చిక్కు.

ఆవడ మూలుగు సన్నబడింది. తాయారు బుట్ట తీసుకుని కారు దిగి, నేను నడిచి పోతానండి, గేటవతల ఆటో ఎక్కుతాను అంది. బులిరాజు మొదటిసారి లేచి నిలబడి విజిలు ఊదాడు. దూరంగా చెట్టు కింద జీపులోంచి ఎవరో మైకు అందుకున్నారు.

సంస్థ డివిజనల్ శకునాధికారి గుళ్ళపల్లి విశ్వేశ్వర ప్రసాదుగారు అప్పుడే వచ్చారు. మంత్రిగారు కాకినాడ నుంచి ఇటే వస్తున్నారట, దారి చూసుకోవడానికి ముందుగా వచ్చారు. పిల్లి ఉన్న బండికి ఎదురు రాకూడదు కాబట్టి జీపు దిగలేదు. మా సంభాషణంతా మైకులోనే జరిగింది. నేను అరవాలి, ఆయన మైకులో చెప్పాలి. ఊరందరికీ మా పిల్లి మూత్రం సంగతి తెలిసింది.

“అమ్మా, వాహనస్థ మార్జాలమునకు మాత్రమే నిబంధనలు అమలులో ఉన్నవి,” అన్నారాయన. “హస్తస్థ మార్జాలమునకు సంబంధించి ముసాయిదా పరిశీలనలో ఉన్నది. లేని నిబంధన ప్రకారం మిమ్మల్ని ఎట్లు పంపగలను? దయచేసి మార్జాలమును వాహనమందు ఉంచవలసినదిగా కోరడమైనది.”

తాయారు కారెక్కింది. పోనీ నేనే ముందు దాటి దోషం మోస్తాను, వదలమనండి అంది నాతో. నేను అరిచి చెప్పాను. పిల్లి తాలూకు కుటుంబ సభ్యులు మోస్తే ఆ దోషం తిరిగి పిల్లి వద్దకే చేరునని, చక్రభ్రమణం ఏర్పడునని నిపుణులు అభిప్రాయపడినట్టు ఆయన తెలియజేశారు. పాలవ్యాను డ్రైవరు, పోనీలెండి నేను దాటేత్తాను అని దిగబోయాడు. అనధికారికంగా ప్రజల దోషం మోయడం శిక్షార్హమని మైకు గుర్తుచేసింది. అతను మళ్ళీ ఎక్కేశాడు.

నేను ఉత్తర్వులన్నీ వల్లె వేసినవాణ్ణి కదా, ఏడో పేరా గుర్తొచ్చింది. అత్యవసర పరిస్థితిలో గెజిటెడ్ హోదా గల అధికారి స్వయంగా ముందు దాటవచ్చును. గొంతు చించుకుని ఆ పేరా అప్పజెప్పాను. ఆ సెంటర్లో గెజిటెడ్ హోదా ఉన్నది ఒక్కరికే.

మైకు కాగితాలు తిరగేసింది. తర్వాత చాలా మెత్తగా పలికింది.

“వాస్తవమే. మీ పరిజ్ఞానం అభినందనీయం. అయితే ప్రస్తుతం నా పదోన్నతి ఫైలు పై బల్ల మీద ఉన్నది. ఈ సున్నిత దశలో…”

ఆపేశారు. అంతకంటే చెప్పనక్కర్లేదు, అందరికీ అర్థమైంది. లారీ డ్రైవర్లు కూడా అయ్యో పాపం అన్నారు, ఆయన్ని చూసి. ప్రమోషను ముందు పెట్టుకుని ఎవడు మాత్రం దాటతాడు? పిల్లిని చంకలో పెట్టుకుని శకునం చూడటమని ఒక సామెత ఉంది. మేం చంకలో పెట్టుకున్నాం, చూసేదంతా వాళ్ళు చూశారు.

నాకు కోపం వచ్చింది. బతుకంతా ఎర్ర లైటు దగ్గర ఆగమని నేర్పినవాణ్ణి, ఆ ఇనుప గేటును చూస్తే దాన్ని పీకి కాలవలో పారెయ్యాలనిపించింది. దిగి వెళ్ళి రెండు చేతులతో పట్టుకుని లేపాను. గేటుకు రెండో కొసన సిమెంటు దిమ్మ ఉంది, తాళం వేసి ఉంది. అది కదల్లేదు. బులిరాజు నన్ను ఆపలేదు, పాపం. తాళంచెవి జీపులో ఉందండి అని మాత్రం చెప్పాడు.

జీపులో ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. పక్క డివిజను నుంచి ముందు దాటువాణ్ణి డెప్యుటేషను మీద పిలిపించడానికి అనుమతి కోరారు. అనుమతి వచ్చింది. ఆ మనిషిని తెచ్చే బండి రైసుమిల్లు సెంటర్లో ఆగిపోయింది, అక్కడ ఇంకో పిల్లి దాటిందట, అక్కడివాడి కోటా అప్పటికే నిండిపోయిందట, ఇప్పుడక్కడ ఇతనే దాటవలసి వచ్చిందట. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు. ఆ మాట అన్నవాడు ఈ రోడ్డు మీద ప్రయాణం చేసి ఉండడు.

నేను తిరిగి కారులోకి వచ్చేసరికి తాయారు బుట్టను పొలాలవైపు నుంచి తనవైపు తిప్పేసుకుంది. తువ్వాలు లోపలికి చెయ్యి పెట్టి నిమురుతోంది. ఏసీ వెయ్యనా అని అడిగాను. వద్దంది. కాసిని నీళ్ళు పట్టనా అన్నాను. తలకాయ అడ్డంగా ఊపింది. చేత్తో నిమరడం మానలేదు. ఎంతసేపటికీ మానకపోతే నేను చూశాను, అప్పుడు తెలిసింది.

కారులో ఉన్నది మేమిద్దరమే. అయినా తాయారు గొంతు తగ్గించి, వాడు పడుకోలేదండి అంది.

మైకు మళ్ళీ మోగింది. మంత్రిగారి వాహనశ్రేణి సమీపిస్తున్నందున సదరు మార్జాలము యొక్క ప్రస్తుత స్థితి తెలుపవలసినదిగా కోరింది. నేను దిగి, చచ్చిపోయిందండి అని అరిచాను. అంత గట్టిగా అరవవలసిన మాట కాదది.

వెంటనే జీపు తలుపు తెరుచుకుంది. శకునాధికారిగారు దిగారు. నేను ఆయన్ని మనిషిగా చూడడం అదే మొదలు, బొద్దుగా, బొట్టుతో, కళగా ఉన్నారు. గబగబా నడుచుకుంటూ తిన్నగా మా కారు దగ్గరికి వచ్చి, అద్దంలోంచి బుట్టలోకి చూసి, అద్దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఎంత మాట! ప్రేతం ఎదురైతే కార్యసిద్ధి. శాస్త్రం స్పష్టంగా ఉన్నది,” అన్నారు. “మార్జాలమైతే అభ్యంతరం గానీ శవమునకు అభ్యంతరమే లేదు. గేటు ఎత్తండి.”

గేటు లేచింది. అంత సులువుగా లేస్తుందని నేననుకోలేదు. పెళ్ళివారి బస్సు డ్రైవరు బస్సును ముందుకు తెచ్చి, మాకు సరిగ్గా ఎదురొచ్చేలా నిలబెట్టాడు. పెళ్ళికొడుకు కిటికీలోంచి దణ్ణం పెట్టాడు. లారీలవాళ్ళు దిగి వరస కట్టారు, పాలవ్యాను అతను మాత్రం దిగలేదు. బులిరాజు, దీనికి కోటా లేదండి అంటూ స్టూలు వదిలి వచ్చి నిలబడ్డాడు.

ప్రసాదుగారు తాయారు వైపు వంగి, ఎంతో గౌరవంగా, మంత్రిగారు ఇక వచ్చేస్తున్నారమ్మా, ఆయన ఒక పెద్ద పని మీద వెళ్తున్నారు, తమరు కాస్త ఎదురొచ్చి వెళ్ళండి, నేను సిఫార్సు చేసి ఏదైనా చేయిస్తాను అన్నారు. తన ఫైలు సంగతి చెప్పలేదు గానీ, కారుకు ఎదురుగా తానే ముందు నిలబడ్డారు.

తాయారు తువ్వాలు అంచు లాగి ఆవడ ముఖం కప్పింది. ఆయనకు కనపడకుండా కప్పింది.

“మావోడు ఎవరికీ ఎదురు రాడండి,” అంది. “బతికున్నప్పుడే వద్దన్నారు గదా.”

నన్ను బండి తిప్పమంది. తిప్పాను. ఈసారి రివర్సు గేరు వేస్తే లారీలవాళ్ళు కేకలు వెయ్యలేదు. వాళ్ళే రోడ్డు మీద చేతులు చాపి, రండి రండి అంటూ వెనక్కి దారి చూపించారు. రైసుమిల్లు సెంటర్లో సూపర్‌వైజరు గారికి అప్పటికే కబురు అందినట్టుంది, గేటు ఎత్తి పట్టుకుని మా కోసం కాచుకుని ఉన్నారు.

అది దాటాక నా ఫోను మోగింది. కాకినాడ డాక్టరమ్మ. గొట్టం, మందులు, బల్ల అన్నీ సిద్ధంగా పెట్టాను, ఇంకా రాలేదేమండి, దారిలో ఏమైనా అడ్డం వచ్చిందా అని అడిగింది.

తాయారు నా వైపు చూసింది.

“లేదండి,” అన్నాను. “దారి చాలా బాగుంది. ఎక్కడా ఎవరూ అడ్డం లేరు.”